పెళ్లికాని తోడుకి మీ షీటులో చోటేదీ?

అమెరికాలో మనవాళ్ల పన్ను రిటర్నులు రాసే తెలుగు టాక్స్ ప్రిపేరర్లకు, హైదరాబాద్, విజయవాడ ఆఫీసుల్లో రాత్రిళ్లు కూర్చుని క్లయింట్లకు ఫోన్లు చేసే అనలిస్టులకు, ఇదే పనిలో ఉన్న కొందరు ఎన్‌రోల్డ్ ఏజెంట్లు, సీపీఏలు (అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు క్లయింట్ల తరఫున నిలబడే అర్హత ఉన్న పన్ను నిపుణులు, అకౌంటెంట్లు) రాస్తున్న బహిరంగ లేఖ.

నమస్కారం.

జనవరిలో మీరు క్లయింటుకి పంపే షీటు ఒకసారి తెరిచి చూడండి. పేరు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), వీసా, అమెరికాకి వచ్చిన తేదీ. ఆ కింద మ్యారీడా, సింగిలా అన్న గడి. మ్యారీడ్ అంటే భార్య లేదా భర్త వివరాలు, పిల్లల వివరాలు అడుగుతుంది. సింగిల్ అంటే ఆ పేజీ అక్కడితో సరి, తిన్నగా డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసుకున్న పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే కాగితం) అప్‌లోడ్‌కి వెళ్లిపోతుంది. పెళ్లి చేసుకోకుండా ఒకే కప్పు కింద ఉంటున్న ఇద్దరికి ఆ షీటులో చోటు లేదు. మీరు అడగరు, వాళ్లు చెప్పరు. సహజీవనం సంగతి ఫోన్లో కొత్త మనిషికి చెప్పాలంటే మనవాళ్లకి అసలే బెరుకు. ఆ కొత్త మనిషి తెలుగువాడై, తెలిసినవాళ్ల తాలూకు అయితే ఇంకా బెరుకు.

ఈ మౌనం వల్ల కొందరికి న్యాయంగా రావలసింది రావడం లేదు. మరికొందరు స్నేహితుడు చెప్పాడనో, సాఫ్ట్‌వేర్‌లో గడి కనిపించిందనో తోడుని తప్పుగా చూపించి, రెండేళ్ల తర్వాత ఐఆర్ఎస్ ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చుంటున్నారు. రెండింటికీ మందు ఒకటే. మీ షీటులో ఒక పేజీ పెరగాలి. ఆ పేజీలో ఏం అడగాలి, ఎందుకు అడగాలి అన్నది చెప్పడానికే ఈ లేఖ. విడిగా చెప్పిన చోట తప్ప అంకెలన్నీ 2025 సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 15 గడువు ఉన్న రిటర్నులవి.

ముందుగా ఒక మాట. పెళ్లికాని తోడుని డిపెండెంటుగా, అంటే క్లయింటు పోషణలో ఉన్న మనిషిగా, రిటర్నులో చూపడం దొడ్డిదారి ఏమీ కాదు. ఇంటర్నల్ రెవెన్యూ కోడ్ 152వ సెక్షన్‌లో క్వాలిఫైయింగ్ రెలటివ్ అని ఒక వర్గం ఉంది. రెలటివ్ అన్న మాట చూసి రక్తసంబంధం ఉండాలనుకుంటారు. కానీ ఆ జాబితా చివర్లో, ఏడాది పొడుగునా పన్ను కట్టేవారి ఇంట్లోనే ఉంటూ వారి ఇంటి మనిషిగా బతికినవాళ్లు ఎవరైనా సరే అని రాసి ఉంది. ఇద్దరూ ఆడవాళ్లయినా, ఇద్దరూ మగవాళ్లయినా నియమం ఇదే. ఒక్క భార్యాభర్తలే దీని కిందకి రారు. భార్యని భర్త గానీ, భర్తని భార్య గానీ ఫెడరల్ రిటర్నులో ఎప్పుడూ డిపెండెంటుగా చూపలేరు. అందుకే మొట్టమొదట తేలాల్సింది పెళ్లి సంగతి.

ఇక్కడే మన తెలుగువాళ్ల ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ముహూర్తం ఫిబ్రవరిలో. కానీ వీసా స్టాంపింగ్ ఆలస్యం అవుతుందని నవంబరులోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంటారు. ఇంట్లో అందరి లెక్కలో ఇంకా పెళ్లి కాలేదు, శుభలేఖలు కూడా పంచలేదు. అబ్బాయి మీకు సింగిల్ అని చెబుతాడు, అబద్ధం ఆడుతున్నానని అతనికి అనిపించదు కూడా. కానీ పన్ను లెక్కలో డిసెంబరు 31 నాటికి ఉన్న స్థితే ఏడాది మొత్తానికీ వర్తిస్తుంది. పెళ్లి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారం చెల్లితే అమెరికాలోనూ చెల్లుతుంది. కాబట్టి పెళ్లయిందా అని అడిగి ఊరుకోకండి. రిజిస్ట్రేషన్ జరిగిందా, ఏ తేదీన, ఏ చట్టం కింద అని అడగండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద సర్టిఫికెట్ వచ్చిందంటే ముహూర్తంతో పని లేదు, ఆ రోజు నుంచే వాళ్లు భార్యాభర్తలు. హిందూ వివాహ చట్టం కింద అయితే, వేడుక జరగకుండా తీసుకున్న సర్టిఫికెట్‌తోనే పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి కేసుని మీ అంతట మీరు తేల్చేయకుండా లాయరు దగ్గరికి పంపండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: కాన్సులేట్‌లో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) కోసం భార్య అని రాసి, ఐఆర్ఎస్ దగ్గర సింగిల్ అని రాస్తే ఆ రెండు కాగితాలూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ఫైల్లో కలుస్తాయి. గ్రీన్ కార్డు స్పాన్సర్‌షిప్‌కి పన్ను ట్రాన్స్‌క్రిప్టులు జతచేయాల్సి వస్తుంది మరి.

నిశ్చితార్థం పెళ్లి కాదు. ఎంగేజ్‌మెంట్ అయి, హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి ఇక్కడి నుంచి నెలనెలా డబ్బు పంపినా ఆమె డిపెండెంట్ అవదు. ఆమె ఈ ఇంట్లో లేదు, అమెరికాలో రెసిడెంటూ కాదు.

రెండో చిక్కు టెక్సస్‌ది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్లు ఎందరున్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. టెక్సస్‌లో తాళి, సర్టిఫికెట్ ఏదీ లేకుండానే పెళ్లి అయిపోయే దారి ఒకటుంది. మేం భార్యాభర్తలం అని ఇద్దరూ ఒప్పుకోవాలి, టెక్సస్‌లో అలాగే కలిసి ఉండాలి, బయటివాళ్లకి అలాగే చెప్పుకోవాలి. మూడూ కుదిరితే చట్టం దాన్ని పెళ్లిగానే చూస్తుంది, ఐఆర్ఎస్ కూడా అంతే. కొలరాడో, ఐయోవా, కాన్సస్, మోంటానా, ఓక్లహోమా, రోడ్ ఐలండ్, యూటా, వాషింగ్టన్ డీసీల్లోనూ ఇలాంటి పెళ్లికి ఏదో ఒక రూపంలో గుర్తింపు ఉంది. అపార్ట్‌మెంట్ లీజులో స్పౌజ్ అని రాశారా, ఆఫీసు ఇన్సూరెన్సులో భార్యగా చేర్పించారా, గుళ్లో గోత్రనామాలు చెప్పేటప్పుడు ధర్మపత్ని అని చెప్పించుకుంటున్నారా అన్నవి చొరబాటు ప్రశ్నల్లా అనిపిస్తాయి గానీ అడగక తప్పదు. ఇందులో ఏ ఒక్కటీ తనంతట తాను పెళ్లిని నిరూపించదు. అన్నీ ఒకే వైపు చూపిస్తుంటే మాత్రం డిపెండెంట్ మాట వదిలేసి జాయింట్ రిటర్న్ గురించి ఆలోచించాలి. ఇద్దరిలో ఒకరికే ఆదాయం ఉన్నప్పుడు అదే వాళ్లకి లాభం కూడా: జాయింట్ రిటర్నుకి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేయకముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 31,500 డాలర్లు, సింగిల్‌కి 15,750.

ఆ ఏడాదిలోనే విడాకులు తీసుకుని ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లకి కూడా ఆ ఏడాదికి ఈ దారి మూసుకుపోయినట్టే. సంవత్సరంలో ఒక్కరోజు భార్యాభర్తలుగా ఉన్నా ఇంటి మనిషి అన్న నియమం వాళ్లకి వర్తించదు.

పెళ్లి లేదని తేలాక తేదీలు అడగండి. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ఒకే ఇల్లు ఉండాలి. ఫిబ్రవరి మొదటి వారంలో సామాను తెచ్చుకుని చేరినా 2025కి కుదరదు, 2026కి చూసుకోవాల్సిందే. పిల్లల విషయంలో సగం ఏడాది చాలు కదా అని ఇక్కడా అదే గడి నొక్కేవాళ్లున్నారు, అది తప్పు. మధ్యలో ఇండియా ప్రయాణం, ఆసుపత్రి, చదువు, ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉండటం తాత్కాలికం కిందే లెక్క, తిరిగి ఆ ఇంటికే వస్తే చాలు. రుజువుకి ఇద్దరి పేర్లూ ఉన్న లీజు అన్నిటికన్నా మేలు. లేదంటే డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, మెడికల్ బిల్లు లాంటివాటి మీద అదే అడ్రసు, సంవత్సరం మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉండాలి.

ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్. తోడు అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయితే సమస్య లేదు. ఎఫ్-1 (స్టూడెంటు వీసా) మీద ఉన్నవాళ్లని సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లుగానే చూస్తారు. ఆ కాలంలో వాళ్లని డిపెండెంటుగా చూపలేరు. ఐదు సంవత్సరాలు అంటే 60 నెలలు అనుకోకండి. 2021 డిసెంబరులో దిగినవాళ్లకి 2021 కూడా ఒక సంవత్సరమే. ఆరో సంవత్సరం నుంచి, రెసిడెంటా కాదా అని తేల్చే రోజుల లెక్క మొదలవుతుంది. హెచ్-4 భార్య లేదా భర్తకి, ఇరవైఒక్క ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకి మాత్రమే కాబట్టి, ఇరవైఒకటి దాటిన తోడు హెచ్-4 మీద ఉన్నారని క్లయింటు చెప్పాడంటే పెళ్లి ప్రశ్న దగ్గరికి మళ్లీ వెనక్కి వెళ్లండి.

ఇరవైనాలుగేళ్లలోపు స్టూడెంటు అయితే, న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో ఉన్న తల్లిదండ్రులు ఇప్పటికే తమ రిటర్నులో చూపుకుంటున్నారేమో కనుక్కోండి. వేరొకరికి క్వాలిఫైయింగ్ చైల్డ్ (పిల్లల లెక్కలో డిపెండెంటు) అయ్యే మనిషి మీ క్లయింటుకి క్వాలిఫైయింగ్ రెలటివ్ అవరు.

ఇక ఆదాయం. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. 2025లో తోడు గ్రాస్ ఆదాయం 5,200 డాలర్ల కంటే తక్కువ ఉండాలి. సరిగ్గా 5,200 వచ్చినా పోయినట్టే. గ్రాస్ అంటే ఖర్చులు తీయకముందు మొత్తం. డోర్‌డాష్ డెలివరీలు చేసి 6,000 సంపాదించి, పెట్రోలు, మైలేజీ పోను 2,500 మిగిలిందంటే ఈ పరీక్షకి చూసేది 6,000 వైపే. అద్దె ఇల్లు ఉంటే వచ్చిన అద్దె మొత్తం చూడాలి, రిపేర్లు, ఆస్తిపన్ను తీయకూడదు. నిరుద్యోగ భృతి లెక్కలోకి వస్తుంది. పన్ను పడని సోషల్ సెక్యూరిటీ రాదు. అమ్మానాన్నలు ఇచ్చిన డబ్బు బహుమతి కాబట్టి అదీ ఆదాయం కాదు. అయితే దాన్ని మర్చిపోకండి, కాసేపట్లో వేరే చోట దానితో పని పడుతుంది.

రెసిడెంట్ అన్నాక ఇండియాలో వచ్చే ఆదాయం కూడా కలపాలి. చాలామంది అనలిస్టులు ఇండియా ఆదాయాన్ని క్లయింటుకి అడుగుతారు గానీ డిపెండెంటుకి అడగరు. ఉదాహరణకి ఆమె పేరున విజయవాడలో ఒక ఫ్లాటు, నెలకి 25,000 అద్దె. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద ఏడాదికి లక్షన్నర వడ్డీ. మొత్తం నాలుగున్నర లక్షలు. డాలరు 85 రూపాయల లెక్కన 5,294. తొంభైనాలుగు డాలర్లు ఎక్కువై మొత్తం పోయింది. అమెరికాలో పైసా సంపాదించని మనిషి, ఇంట్లో ఎవరికీ ఈ అనుమానమే రాదు. ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే భారతీయులు ఇండియాలో తెరిచే ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. పొలం కౌలు కూడా అంతే. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన మూడెకరాల మీద వచ్చే కౌలు ఇండియాలో వ్యవసాయ ఆదాయమని మినహాయింపు పొందుతుంది, ఐఆర్ఎస్‌కి మాత్రం అది మామూలు ఆదాయమే. అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడ చెప్పక్కర్లేదు అనుకోవడం మనవాళ్లలో బలంగా నాటుకుపోయింది. మీ షీటులో ఈ మూడూ పేర్లు పెట్టి అడగండి: అద్దె, వడ్డీ, కౌలు.

ఆదాయం దాటలేదనుకుందాం. తర్వాతది పోషణ. ఆ ఏడాది తోడుకి అయిన మొత్తం ఖర్చులో సగానికి మించి మీ క్లయింటే భరించి ఉండాలి. ఇంటి అద్దె నేనే కడుతున్నాను కదా అన్నంత మాత్రాన తేలదు. ఐఆర్ఎస్ పబ్లికేషన్ 501లో దీనికో వర్క్‌షీట్ ఉంది. ఒక జంటతో చేసి చూపిస్తాం.

ఛార్లెట్‌లో రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్. అద్దె నెలకి 1,900, ఏడాదికి 22,800. సరుకులు నెలకి 700, అంటే 8,400. కరెంటు, ఇంటర్నెట్ కలిపి నెలకి 210, అంటే 2,520. మొత్తం 33,720. ఇంట్లో ఇద్దరే కాబట్టి ఆమె వాటా 16,860. దీనికి ఆమె సొంత ఖర్చులు కలపాలి: బట్టలు 900, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, డాక్టరు ఖర్చులు 3,600, కాలేజీ ఫీజు 6,000, ఇండియా టికెట్టు 1,400. ఇవి 11,900. కలిపితే ఆమె పోషణకి అయినది 28,760. సగం 14,380. అతను ఇంతకి మించి పెట్టి ఉండాలి.

ఇప్పుడు రెండో వైపు. ఆమె పార్ట్ టైమ్ జీతం 4,100, అంతా ఖర్చయిపోయింది. పాత సేవింగ్స్ నుంచి 7,500 తీసి వాడుకుంది. గుంటూరు నుంచి నాన్నగారు ఫీజుకని 4,000 పంపారు. ఇవి 15,600. అంటే అతను పెట్టింది 13,160. సగం కంటే 1,220 తక్కువ. అద్దె మొత్తం అతని ఖాతా నుంచే పోతున్నా, ఇంటి బిల్లులన్నీ అతని పేరునే ఉన్నా పరీక్ష తప్పింది. ఆదాయ పరీక్షలో కనపడని నాన్నగారి 4,000, సేవింగ్స్ 7,500 ఇక్కడికి వచ్చి కూర్చున్నాయి.

అదే ఆమె సేవింగ్స్ నుంచి 4,500 మాత్రమే తీసి ఉంటే? ఆమె వైపుది 12,600, అతనిది 16,160. పాసైంది. ఖాతాలో ముట్టుకోకుండా ఉంచిన డబ్బు లెక్కలోకి రాదు, తీసి ఖర్చుపెట్టిందే వస్తుంది. అందుకే ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు అడగకుండా ఈ వర్క్‌షీట్ నింపడం గాల్లో లెక్కే.

ఇందులో జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆమె పేరున తీసిన ఎడ్యుకేషన్ లోను ఆమె సొంత డబ్బు కిందే లెక్క. స్కాలర్‌షిప్‌ని పోషణలో కలపకుండా వదిలేసే నియమం సొంత పిల్లలకే, తోడుకి వర్తించదు. ఇల్లు అతని సొంతమైతే మార్ట్‌గేజ్ వాయిదా, ఆస్తిపన్ను, ఇన్సూరెన్సు విడివిడిగా కలపకూడదు, ఆ ఇల్లు బయట అద్దెకిస్తే ఎంత వస్తుందో ఆ మొత్తమే వేయాలి. పక్కవీధిలో అలాంటి ఇళ్ల అద్దెలు ఎంతున్నాయో ఆ రోజే ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. కారు అతని పేరున ఉండి ఇద్దరూ వాడితే కారు ధర రాదు, ఆమె కోసం అయిన పెట్రోలు, రిపేరు ఖర్చు వస్తుంది. ఆమె జీతంలో కోసుకున్న ఇన్‌కం టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పోషణ కాదు. లైఫ్ ఇన్సూరెన్స్ ప్రీమియం కాదు.

అన్ని పరీక్షలూ దాటితే వచ్చేదేమిటి? అదర్ డిపెండెంట్ క్రెడిట్, 500 డాలర్లు. కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది, పన్ను లేకపోతే చేతికి రాదు. 2 లక్షల డాలర్ల ఆదాయం దాటాక ప్రతి వెయ్యికీ 50 తగ్గుతూ 2 లక్షల 10 వేల దగ్గర సున్నా అయిపోతుంది. పర్సనల్ ఎగ్జెంప్షన్ 2018 నుంచి లేదు, 2025 చట్టం దాన్ని శాశ్వతంగా తీసేసి ఈ 500ని శాశ్వతం చేసింది. ఈ క్రెడిట్‌కి తోడు పేరున ఎస్ఎస్ఎన్ గానీ ఐటిన్ (ఎస్ఎస్ఎన్ రానివాళ్లకి ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు) గానీ ఉండాలి, అది రిటర్ను గడువులోపే జారీ అయి ఉండాలి, ఐటిన్ అయితే గడువులోపు పెట్టిన దరఖాస్తు మీద వచ్చినా చాలు.

ఆ 500 కూడా గుడ్డిగా తీసుకోకండి. పై ఉదాహరణలో ఆమె ఇరవైనాలుగు దాటిన మనిషి, డిగ్రీ మొదటి నాలుగేళ్లలో ఉంది, 6,000 ఫీజు కట్టింది అనుకుందాం. అతని ఆదాయం లక్ష డాలర్లు. అతను ఆమెని డిపెండెంటుగా చూపితే చదువు క్రెడిట్ (అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్) అతనిదవుతుంది, కానీ 90,000 దాటినవాళ్లకి ఆ క్రెడిట్ రాదు. అది గాల్లో కలిసిపోతుంది. అతను చూపకుండా వదిలేస్తే ఆమె తన రిటర్నులో ఆ క్రెడిట్ అడగవచ్చు, అందులో 1,000 డాలర్ల దాకా పన్ను లేకపోయినా చేతికి వస్తుంది. 500 కోసం 1,000 పోగొట్టుకోవడం అంటే ఇదే. ఇద్దరి రిటర్నులూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకే ఇది కనపడుతుంది.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (పెళ్లికాకపోయినా తన మీద ఆధారపడ్డ పిల్లలు, బంధువులతో ఇల్లు నడిపేవాళ్ల ఫైలింగ్ స్టేటస్) గురించి మాత్రం కచ్చితంగా రాస్తున్నాం, ఎందుకంటే అసలు పెద్ద తప్పు ఇదే. సింగిల్‌కి 15,750 ఉన్న స్టాండర్డ్ డిడక్షన్ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి 23,625. తేడా 7,875. ఆశపడటం సహజమే. కానీ కేవలం ఒకే ఇంట్లో ఉండటం వల్ల డిపెండెంట్ అయిన మనిషిని చూపించి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. తోడుని డిపెండెంటుగా ఎక్కించాక కూడా స్టేటస్ సింగిలే. సాఫ్ట్‌వేర్‌లో బంధుత్వం దగ్గర కజిన్ అనో, ఇంకేదో అనో పెట్టి దాటించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బంధుత్వం లేదు అన్న ఎంపిక ఉంటుంది, అదే పెట్టండి. ఇద్దరికీ పుట్టిన బిడ్డ ఆ ఇంట్లోనే ఉంటే కథ వేరు, ఇంటి ఖర్చులో సగానికి పైగా భరించే తల్లి లేదా తండ్రి ఆ బిడ్డ వల్ల హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కావచ్చు. బిడ్డ తోడుకి మాత్రమే పుట్టినదై, తోడుకి రిటర్ను వేయాల్సిన అవసరం లేక వేయకపోతే, లేదా కోసుకున్న పన్ను తిరిగి తీసుకోవడానికే వేస్తే, మిగతా పరీక్షలూ దాటిన పక్షంలో ఆ బిడ్డకి కూడా క్లయింటు 500 అడగవచ్చు. 2,200 డాలర్ల చైల్డ్ టాక్స్ క్రెడిట్ మాత్రం రాదు.

అసలు డబ్బు 500లో లేదు, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సులో ఉంది. చాలా కంపెనీలు డొమెస్టిక్ పార్ట్‌నర్‌ని కూడా ఇన్సూరెన్సులో చేర్చుకుంటాయి. కంపెనీ ఆ తోడు కోసం నెలకి 500 కడుతోందంటే, ఏడాదికి 6,000 ఉద్యోగి జీతానికి కలిపి డబ్ల్యూ-2లో చూపిస్తారు. 24 శాతం శ్లాబులో ఉండి 7.65 శాతం పేరోల్ పన్ను కూడా పడేవాళ్లకి దాని మీద పడే పన్ను 1,899 డాలర్లు. తోడు డిపెండెంట్ అయితే ఆ 6,000కి పన్ను లేదు. ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు: ఆరోగ్య బీమా లెక్కకి 5,200 ఆదాయ పరీక్ష వర్తించదు. ఏడాది పొడుగునా ఒకే ఇల్లు, సగానికి మించిన పోషణ, పౌరసత్వం లేదా రెసిడెన్సీ, వేరొకరికి క్వాలిఫైయింగ్ చైల్డ్ కాకపోవడం, ఇవి చాలు. తోడు 9,000 సంపాదించి 500 క్రెడిట్ కోల్పోయినా, బీమా మీద పన్ను తప్పించుకోవచ్చు. హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు తోడు వైద్యానికి వాడటానికీ ఇదే కొలత. కంపెనీకి ఈ సంగతి దానంతట అదే తెలియదు. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ సమయంలో తోడు టాక్స్ డిపెండెంట్ అని ఉద్యోగి డిక్లరేషన్ ఇవ్వాలి. ఇవ్వక ఏడాదంతా పన్ను కోసేసి ఉంటే పేరోల్‌ని అడిగి డబ్ల్యూ-2సీ (సరిదిద్దిన డబ్ల్యూ-2) తెప్పించుకోవాలి. డబ్ల్యూ-2 మొదటి గడిలో అంకె జీతం స్లిప్పుల కంటే ఎక్కువగా ఉంటే ఆరాతీయండి, చాలాసార్లు కారణం ఇదే అయి ఉంటుంది.

కాలిఫోర్నియా, వాషింగ్టన్, నెవాడాల్లో రిజిస్టర్డ్ డొమెస్టిక్ పార్ట్‌నర్లుగా నమోదైనవాళ్ల సంగతి వేరు. అవి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. క్లయింటు జీతంలో సగం తోడు ఆదాయమే అవుతుంది, ఫెడరల్ రిటర్నులో ఫారం 8958తో పంచి చూపాలి. అలా పంచాక తోడు 5,200 లోపు ఉండటం దాదాపు జరగదు. బే ఏరియా, సియాటిల్ క్లయింట్లని కలిసి ఉంటున్నారా అని అడగడంతో ఆగకుండా రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకున్నారా అని కూడా అడగండి.

రాష్ట్ర చట్టం గురించి ఒక పాత భయం మనలో తిరుగుతోంది. స్థానిక చట్టం నేరమనే సంబంధంలో ఉన్న తోడుని ఇంటి మనిషిగా లెక్కించకూడదని 152లో ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని మిషిగన్‌లో కుదరదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. సహజీవనాన్ని నేరమన్న ఆ రాష్ట్ర చట్టాన్ని 2023లో ఎత్తేశారు. ఆ చర్చలో ఈ డిపెండెంట్ సమస్యే ఒక ముఖ్య కారణంగా ముందుకొచ్చింది కూడా. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఉన్న మీ క్లయింట్లకి ఇక అడ్డు లేదు. వర్జీనియా 2013లో, ఫ్లోరిడా 2016లో తీసేశాయి. నార్త్ కరోలినాలో పుస్తకంలో ఆ సెక్షన్ ఇంకా ఉన్నా 2006లోనే అక్కడి రాష్ట్ర కోర్టు రాజ్యాంగ విరుద్ధమంది. మిసిసిపీలో మాత్రం ఇంకా ఉంది. తోడుకి వేరొకరితో పెళ్లి రద్దు కాకుండా ఉంటే మాత్రం రాష్ట్ర చట్టం విడిగా చూడాలి, ఆ పెళ్లి తాలూకు జాయింట్ రిటర్ను వేశారేమో కూడా కనుక్కోవాలి.

మీ మీద పడే బాధ్యత కూడా తక్కువేం కాదు. ఈ 500 క్రెడిట్, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ రెండింటికీ మీరు ఫారం 8867 (అడగాల్సినవి అడిగామని ప్రిపేరరు చెప్పే చెక్‌లిస్టు) నింపి రిటర్నుతో పంపాలి, ఏం అడిగారో, క్లయింటు ఏం చెప్పాడో, ఏ కాగితాలు చూశారో మూడేళ్లు దాచాలి. అడగకుండా టిక్కులు పెడితే ఒక్కో లోపానికి 600 డాలర్ల పైనే పెనాల్టీ. క్లయింటుకైతే క్రెడిట్ వెనక్కి కట్టడం, వడ్డీ, కొన్నిసార్లు 20 శాతం పెనాల్టీ. నిర్లక్ష్యంగా నియమాలని పట్టించుకోలేదని తేలితే రెండేళ్లు, మోసం అని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్లు అడిగే వీలుండదు. హైదరాబాద్‌లో షీటు నింపిన పిల్లాడికి ఈ సంగతులు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సింది సంతకం పెట్టే మీరే.

కాబట్టి మా కోరిక ఇది. సీజను ఊపందుకోకముందే ఆ పేజీ చేర్చండి. ఇంట్లో మీతో పాటు ఏడాదంతా ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్న మామూలు ప్రశ్నతో మొదలుపెట్టండి. అమ్మానాన్నలని, అత్తమామలని, తోడుని అందరినీ ఒకే గొంతుతో అడిగే ప్రశ్న అది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అవునంటే చేరిన తేదీ, రిజిస్ట్రేషన్ల వివరం, వీసా చరిత్ర, ఇక్కడి ఆదాయం, ఇండియాలో అద్దె, వడ్డీ, కౌలు, పుట్టింటి నుంచి వచ్చిన డబ్బు, సేవింగ్స్ నుంచి తీసినది, ఆఫీసు ఇన్సూరెన్సులో ఉన్నారా లేదా. ఫోన్లో ఈ ప్రశ్నలు అడిగేవాళ్లకి ఒక్క సూచన: పెళ్లెప్పుడు చేసుకుంటారు అని మాత్రం అడగకండి. రిటర్నుకి ఆ జవాబుతో పని లేదు, ఆ ప్రశ్న పడ్డాక మిగతా జవాబులు రావు.

పాత రిటర్నుల్లో వదిలేసినవాళ్లకి 1040-ఎక్స్ (సవరణ రిటర్ను) వేయండి. రిటర్ను వేసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు, 2022 సంవత్సరానిది మామూలు గడువులో వేసినవాళ్లకి 2026 ఏప్రిల్ మధ్యతో తీరిపోతుంది. ఆదాయ పరిమితి 2022కి 4,400, 2023కి 4,700, 2024కి 5,050. తోడుకి ఆ ఏడాది రిటర్ను గడువు దాటాక దరఖాస్తు పెట్టి ఐటిన్ తెచ్చుకుని ఉంటే మాత్రం ఆ ఏడాదికి సవరణ వేసినా 500 రాదు, ఆ సంగతి ఫీజు తీసుకోకముందే క్లయింటుకి చెప్పండి.

ఇట్లు,
మీతో పాటే రిటర్నులు రాసి, సరిచూసే కొందరు ఎన్‌రోల్డ్ ఏజెంట్లు, సీపీఏలు